పదమూడో నంబరు పానా

అబద్ధం ఆడడం నాకు చేతకాదని మా ఆవిడ అంటుంది. ఆడితే చెవులు ఎర్రబడిపోతాయట. ఆ లెక్కన ఆ వారమంతా నా చెవుల దగ్గర కూర్చుని చలి కాచుకోవచ్చు. కానీ మా టర్బైన్ హాల్లో నా మొహంలోకి తేరిపార చూసే ధైర్యం ఎవరికుంది? నేనక్కడ హెడ్ ఫిట్టర్ని. పైగా నోటి దురుసు మనిషిని.

ముందు మా పద్ధతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. మాది కాగితం మిల్లు. మిల్లుకి కావలసిన కరెంటంతా ఒక ఆవిరి టర్బైన్ ఇస్తుంది. రెండేళ్ళకోసారి దాని పై మూత ఎత్తి, లోపల పని చేసి, మళ్ళీ మూసేస్తాం. హాల్లో గోడకి ఒక పెద్ద చెక్క బోర్డు ఉంది. దాని మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారమే నల్లరంగుతో గీసి ఉంటుంది. సుత్తి బొమ్మ మీద సుత్తి, పానా బొమ్మ మీద పానా వేలాడాలి. మూత దించేముందు బోర్డు చూసుకుంటాం. ఒక్క బొమ్మ ఖాళీగా కనిపించినా మూత దిగడానికి లేదు, ఎందుకంటే ఆ పనిముట్టు యంత్రం పొట్టలో ఉండిపోయి ఉండొచ్చు. అన్నీ ఉంటే హెడ్ ఫిట్టరు సంతకం పెడతాడు, అప్పుడే క్రేను కదులుతుంది.

ఈ పద్ధతి పెట్టింది మా మావయ్య. నాకు పిల్లనిచ్చిన మామ, పని నేర్పిన గురువు, నాకు ముందు అదే హాల్లో హెడ్ ఫిట్టరు. కుర్రతనంలో ఓసారి బోర్డు చూడకుండానే "అన్నీ ఉన్నాయండీ" అన్నాను. అందరి ముందూ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ వారంలోనే వాళ్ళింటికి పెళ్ళిచూపులకి వెళ్ళి, ఆ చెంప గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను.

పదమూడో నంబరు పానాలు బోర్డు మీద రెండుండాలి, ఒకదానితో బోల్టు పట్టుకుని రెండోదానితో నట్టు తిప్పడానికి. మిల్లు పానాలకి చుక్కలు పొడిచి ఉంటాయి. మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు. కానీ మొదటి పానా బొమ్మ మీద వేలాడేది మాత్రం చుక్కల్లేని పానా. అది మావయ్య సొంతం. రిటైరైన రోజు తన పెట్టె మొత్తం ఇంటికి మోసుకుపోయాడు గానీ దాన్ని మాత్రం బోర్డు మీదే వదిలేశాడు. "దాన్ని అక్కడే ఉండనివ్వండి" అన్నాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. మేం దాన్ని ఆయన ఆశీర్వాదం అనుకునేవాళ్ళం. కొత్తవాళ్ళు ముట్టుకోవాలంటే నన్నడిగి ముట్టుకోవాలి.

ఇక నా సంగతి. మొన్నటి మరమ్మతులో, మూత దించే రోజున, రెండు చుక్కల పానా బొమ్మ ఖాళీగా ఉంది. క్రేను గొలుసులు బిగించుకుని నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. ఇది కచ్చితంగా నత్త పనే అనుకున్నాను. నత్త అంటే మా ఆపరేటరు. టర్బైన్‌కి ఆవిరి వదిలే చక్రం తిప్పేది వాడే. నడక చూసి ఎవరో పెట్టిన పేరు, ఇప్పుడు వాడి పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుంది. వాడికి మా పానా పట్టుకుపోయి సైకిలు బాగుచేసుకునే జబ్బుంది. సాయంత్రం వాడి పని చెబుదామనుకుని, నా పెట్టెలోంచి నా సొంత పదమూడో నంబరు తీసి ఖాళీ బొమ్మ మీద తగిలించి, సంతకం పెట్టేశాను. మూత దిగింది. నూట పన్నెండు బోల్టులు బిగించాం.

సాయంత్రం నత్తని పట్టుకుంటే, "నేను తియ్యలేదు మేస్త్రీ, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. వాడు చాలా విషయాల్లో వెధవే గానీ పిల్లల మీద ఉత్తినే ఒట్టు వెయ్యడు. అంటే పానా మూత కిందే ఉండిపోయింది.

మూడు రోజులు అన్నం సహించలేదు. మూత మళ్ళీ ఎత్తాలంటే వారం. అదొక్కటే అయితే చెప్పేసేవాణ్ణి. ఇన్నేళ్ళు బోర్డు పేరు చెప్పి నేను తిట్టని మనిషి లేడు ఆ హాల్లో. ఒకణ్ణయితే ఏడిపించాను కూడా. ఇప్పుడు వెళ్ళి, "బోర్డుని మోసం చేసింది నేనే" అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పకుండా స్టార్టు చేస్తే, ఆ పానా ఆవిరి ఊపుకి లేచి రెక్కల్లో పడిందా, నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇనుము ముక్కలై బయటికొస్తుంది. చక్రం దగ్గర నిలబడేవాడు యంత్రానికి రెండు బారల దూరంలో ఉంటాడు. అంటే నత్త. ముగ్గురు పిల్లల తండ్రి.

స్టార్టు రోజు ఉదయం వాడితో అన్నాను, "ఒరేయ్, ఇవాళ చక్రం నేను తిప్పుతాను, నువ్వు ఆవలి గదిలో ఉండు."

"మావయ్యగారి జబ్బు నీకూ అంటుకుందా ఏంటి?" అని నవ్వాడు. మావయ్య కూడా స్టార్టు అంటే చాలు, వీణ్ణి తరిమేసి చక్రం తనే తిప్పేవాడు. యంత్రమంటే ఆయనకంత పిచ్చి అనుకునేవాళ్ళం.

అప్పుడొచ్చింది మా మరదలు, చేతిలో నల్ల పెట్టెతో.

మరదలంటే మావయ్య చిన్న కూతురు. చిన్నప్పట్నుంచీ ఈ హాల్లోకి రావాలని దాని కోరిక. "ఆడపిల్లకి ఇక్కడేం పని" అని మావయ్య గుమ్మం దాటనివ్వలేదు. అది కూడా తండ్రికి తగ్గ మొండిఘటం. చదువుకుని, కెమెరాలతో యంత్రాల లోపలి భాగాలు చూసే కంపెనీలో చేరి, ఊళ్ళన్నీ తిరుగుతూ విమానం ఇంజన్ల దగ్గర్నుంచి పాల డెయిరీ గొట్టాల దాకా చూస్తుంది. స్టార్టుకి ముందు రెక్కల్ని బయటి మనిషితో కెమెరాలో చూపించాలని మిల్లువాళ్ళు కొత్తగా నియమం పెడితే, కంపెనీ దీన్నే పంపింది. తండ్రి రానివ్వని గుమ్మంలోంచి బూటుకాళ్ళతో టకటకా నడుచుకుంటూ వచ్చింది.

"ఏం బావా, అలా వాడిపోయావు? అక్క అన్నం పెట్టడం లేదా?"

"నీ వంట తిన్న మీ ఆయనకంటే బాగానే ఉన్నాలే" అన్నాను. నోటికి అలవాటు కాబట్టి వచ్చింది గానీ, కళ్ళు మాత్రం దాని పెట్టె మీదే ఉన్నాయి.

పెట్టె తెరిచింది. నల్లటి మెత్తటి గొట్టం చుట్టచుట్టుకుని ఉంది. నత్త ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

"పాము కాదన్నయ్యా, కన్ను" అని నవ్వింది మరదలు. "మూడు మీటర్ల మెడ ఉన్న కన్ను."

దాని కొన నా చిటికెన వేలికంటే సన్నం. ఆ కొనలో శనగబద్దలో సగం ఉండే కెమెరా, పక్కనే దీపం. ఇవతలి చివర పిడి, పిడికి అరచేయంత తెర, బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల. పుల్ల ఎడమకి నొక్కింది. కొన ఎడమకి తల తిప్పింది. వెనక్కి లాగితే తన మెడ తనే చూసుకునేంతగా వంగింది. గొట్టం లోపల నాలుగు సన్నటి తీగలుంటాయట, ఎటు తీగ బిగిస్తే అటు వంగుతుందట, గుర్రానికి కళ్ళెంలా. పైన అల్లిన తొడుగు గట్టి లోహపు పోగులది, అంచులు గీసుకున్నా చిరగదు.

"మీ నాన్న దగ్గర ఇనప గొట్టం ఉండేది, చివర అద్దంతో" అన్నాను.

"అది నా దగ్గరా ఉంది బావా. దారి సూటిగా ఉంటే దానంత స్పష్టంగా ఏదీ చూపించదు. వంపు వచ్చిందా, అది అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత గాజు పోగులవి వచ్చాయి. బొమ్మని ఆ పోగులు ఇవతలికి మోసుకొచ్చేవి, ఒక పోగు తెగితే బొమ్మలో ఒక నల్ల మచ్చ. ఇప్పుడు కన్నే లోపలికి వెళ్తుంది. విప్పితే వారం పట్టే చోట, చూపు వంగితే తప్ప అందని చోట ఇదే దిక్కు. అలాగని ప్రతిదానికీ దీన్ని దూర్చకూడదు. టార్చి వేస్తే కనిపించేదానికి ఇదెందుకు?"

మొదలుపెట్టేముందు యంత్రం మీద అరచెయ్యి ఆనించి చల్లగా ఉందో లేదో చూసింది. వేడి మీద పెడితే కన్ను పోతుందట. ఆవిరి వాల్వుకి తాళం తనే వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుంది. చూస్తుంటే మావయ్యే అనిపించింది నాకు. అదే చాదస్తం.

పక్కనున్న చిన్న ప్లగ్గు విప్పి, కొనని లోపలికి పంపింది.

ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ యంత్రంతో కాపురం చేస్తున్నాను. మూత ఎత్తితే ఎండలో ఆరేసినట్టు పడి ఉండే దాన్ని చూశాను. మూత వేశాక దాని మోత విన్నాను. మూత వేసి ఉండగా లోపల ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎవరు చూస్తారు? అక్కడ వెలుగే లేదు. తెర మీద ముందు మసక, తర్వాత ఒక్కసారిగా వెలుగు. అమ్మో! ఎంత పెద్ద మహలు! రెక్కలు వరసలు వరసలుగా, ఒకదాని భుజం వెనక ఒకటి, మలుపు తిరిగి చీకట్లోకి పోతున్నాయి. నా చేతులతో బిగించిన రెక్కలే, అయినా నాకు కొత్త. నోరు తెరుచుకుని ఉండిపోయాను.

"నోరు మూసుకో బావా, ఈగలు దూరతాయి" అంది మరదలు. కానీ దాని గొంతు కూడా చిన్నగానే ఉంది. "ఎన్ని చూసినా ఈ మొదటి క్షణం ఇంతే. ఎవరూ లేని చోట దీపం పెట్టినట్టుంటుంది."

కొనని ఒక్కచోట నిలిపి, నత్తని ఇరుసు చేత్తో మెల్లగా తిప్పమంది. మెల్లగా తిప్పడానికి వాణ్ణి మించినవాడు లేడు. ఒక్కో రెక్కా కన్ను ముందుకొచ్చి, నిలబడి, మొహం చూపించి వెళ్ళింది. తొంభై ఆరు. నలభయ్యో రెక్క అంచు మీద చిన్న గాటు కనిపిస్తే తెర మీద రెండు గుర్తులు పెట్టి కొలిచింది. కొనలో రెండు కటకాలుంటాయట, మన రెండు కళ్ళలాగే దూరం పసిగడతాయి. "పావు మిల్లీమీటరు. ఫరవాలేదు."

చూస్తున్నంతసేపూ నేను రెక్కల్ని చూడలేదు. ప్రతి నీడలో పానా కోసం వెతుకుతున్నాను. ఎక్కడా లేదు.

"అయిపోయింది" అంది. కొన వంపుని సరిచేసి, తిన్నగా అయ్యాక మెల్లగా బయటికి లాగింది. వంగినప్పుడే లాగితే ఎక్కడో పట్టుకుని తెగిపోతుందట. "ఇదిగో కాగితం, సంతకం పెట్టు బావా. వెళ్ళి అక్క చేతి కాఫీ తాగుతాను."

కలం చేతిలో ఉంది. నత్త చేతులు తుడుచుకుంటూ, వాళ్ళ చిన్నది మొన్న కొత్తగా సైకిలు తొక్కడం నేర్చుకుందని మరదలికి చెబుతున్నాడు. నా చెయ్యి కదల్లేదు.

"ఇంకో చోట చూడాలి" అన్నాను. "పక్క కిటికీలోంచి లోపలికి వెళ్ళి, గైడు రింగు దాటి, దాని వెనక కిందికి. అక్కడొక గుంట ఉంది, రింగు గట్టు మీంచి ఏదైనా జారితే అందులోకే పోవాలి."

"ఆ చోటు నా జాబితాలో లేదే. ఎందుకు?"

"ఎందుకంటే..." చెవులు కాలిపోతున్నాయి. "అక్కడ పానా ఉందేమోనని నా అనుమానం. మూత దించిన రోజు పదమూడో నంబరు రెండోది కనపడలేదు. నాది తగిలించి సంతకం పెట్టాను."

నత్త నన్ను చూశాడు, యంత్రాన్ని చూశాడు, చక్రాన్ని చూశాడు. వాడికి అర్థమైంది. చేతులు తుడుచుకుంటున్న గుడ్డ కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మరదలు మాత్రం ఊరుకోలేదు. "బుద్ధుందా నీకు? బొమ్మ నింపి సంతకం పెడతావా? నాన్న ఉంటే ఈ చెంప కూడా పగలగొట్టేవాడు!"

"పగలగొట్టాల్సిందే" అన్నాను. నిజంగానే అన్నాను. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

పక్క కిటికీ అంటే అరచెయ్యి పట్టేంత కంత. విప్పాం. అక్కణ్ణించి, ఆవిరిని రెక్కల మీదికి మళ్ళించే గైడు రింగు మీదుగా పైకి, మళ్ళీ కిందికి, మళ్ళీ వెనక్కి. రెండు వంపులు. చెయ్యి దూరదు, మావయ్య ఇనప గొట్టం దూరదు. పై మూత ఎత్తినా ఆ గుంట కనపడదు, ఎందుకంటే యంత్రం కింది సగం నేలలో పాతేసి ఉంటుంది, దాన్ని కట్టినప్పట్నుంచీ ఎవరూ ఎత్తలేదు. మరదలు పళ్ళు బిగించి, వేలితో పుల్లని వెంట్రుకవాసి కదుపుతూ, ఇంకో చేత్తో గొట్టాన్ని కొంచెం కొంచెం లోపలికి జారవిడిచింది. అడ్డు తగిలితే తొయ్యలేదు. ఆగి, వెనక్కి వచ్చి, కొన తిప్పి, వేరే దారి వెతికింది.

మొదటి వంపు దాటింది. రెండోది దాటింది. తెర మీద తుప్పు రంగు నేల. ముప్ఫయ్యొక్క ఏళ్ళు నా కాళ్ళ కిందే ఉన్న చోటు. చంద్రుడి మీద దిగినట్టుంది.

అంచు దగ్గరే తళుక్కుమంది. పానా. గుంట నోటి దగ్గర, ఇంకో బెత్తెడు లేస్తే రెక్కల దారిలో పడేలా ఆనుకుని ఉంది. పిడి మీద రెండు చుక్కలు స్పష్టంగా కనిపించాయి. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"దొరికింది" అంది మరదలు. మెత్తటి తీగకి చివర అయస్కాంతం ఉన్న పరికరాన్ని కెమెరా పక్కనుంచే పంపి, తెర చూస్తూ దాన్ని అంటించి, అరగంట తంటాలు పడి కిటికీ దాకా తెచ్చింది. నేను వేళ్ళు దూర్చి అందుకున్నాను.

అక్కడితో ఆగిపోవచ్చు. కానీ తను మళ్ళీ కొన లోపలికి పంపింది. "ఒకటి దొరికిన చోట ఆఖరిదాకా చూడాలి. నాన్న మాటే ఇది."

గుంట వెనక, పక్కటెముక లాంటి ఇనప పట్టీ చాటున, నల్లటి పొడుగాటి గడ్డ ఉంది. మట్టి, తుప్పు పేరుకుని నేలకి అతుక్కుపోయింది. మరదలు దీపం వెలుగు పెంచింది. కొనని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ గడ్డకి ఒక చివర నోరుంది. పానా నోరు.

దాన్ని ఊడదీయడానికి గంటన్నర పట్టింది, తీగ ఉచ్చు వేసి, కదిపి, మళ్ళీ కదిపి. చేతికొచ్చాక కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. పదమూడో నంబరు. పిడి మీద ఒక్క చుక్క.

లేచి బోర్డు వైపు చూశాను. మొదటి బొమ్మ మీద మావయ్య పానా వేలాడుతోంది, చుక్కలు లేకుండా. దాని పక్కన నాది, చుక్కలు లేకుండా. ఒక చుక్కది ఎక్కడికి పోయిందని ఇన్నేళ్ళలో మాలో ఒక్కడైనా అడిగాడా? నేనడిగానా? పని చేసేటప్పుడు గైడు రింగు గట్టు మీద పానా పెట్టి చెమట తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆయన్ని చూసి నేర్చుకున్న నా అలవాటు కూడా. అదే గట్టు, అదే గుంట.

మరదలు ఆ నల్ల పానాని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత రిపోర్టు తీసింది. "ఏం రాయమంటావు?"

"రెండు చుక్కలది నేను పోగొట్టాను, బొమ్మ నింపి సంతకం పెట్టాను అని రాయి. ఒక చుక్కది..." బోర్డు మీద మావయ్య పానా వైపు చూశాను. "పాతది అని రాసి ఊరుకో. ఆయన పేరెందుకు?"

"పేరు రాస్తాను బావా" అంది. "ఆయన రానివ్వని చోట ఆయన పని నేను చేస్తున్నాను. సరిగ్గానే చేస్తాను." రాసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఇంజనీరు గారు వచ్చి, చదివి, నా సంతకం హక్కు ఆరునెలలు తీసేశారు. తలకొట్టేసినట్టయింది, కానీ ఎదురుచెప్పలేదు. చుక్కల పానాలు రెండూ వాటి బొమ్మల మీదికి వెళ్ళాయి. నాది నా పెట్టెలోకి, మావయ్యది మరదలి చేతిలోకి.

మధ్యాహ్నం స్టార్టు. నత్త చక్రం దగ్గర్నుంచి కేకేశాడు, "మేస్త్రీ, రావేం? నువ్వే తిప్పుతానన్నావుగా, మావయ్యగారిలా!"

"నాన్న తిప్పేవాడా?" అంది మరదలు. "అది ఆపరేటరు పని కదా?"

"నేను చేరిన కొత్తలో నాచేతే తిప్పించేవారమ్మా" అన్నాడు నత్త. "ఓ ఏడు మూత వేశాక ఏమైందో గానీ, ఇక అప్పట్నుంచి స్టార్టంటే చాలు, నన్ను ఆవలి గదిలో పెట్టి తలుపు వేసేవారు. పద్నాలుగేళ్ళు. ఒంట్లో బాగోని రోజు కూడా ఆయనే వచ్చి నిలబడేవారు."

మరదలు నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. చేతిలో ఉన్న పానాని గుండెకి అదుముకుని, చిన్నపిల్లలా ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

నత్త బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. "నేనేమన్నాను ఇప్పుడు? మేస్త్రీ, వస్తున్నావా, లేదా?"

కళ్ళు తుడుచుకున్నాను. "లేదురా. నువ్వే తిప్పు" అన్నాను. "ఇవాళ ఎవరైనా తిప్పొచ్చు."